విశాఖ పథ్యయాత్ర

యాత్రలు చేసి వచ్చిన సోదరీమణులు తాము సేవించిన తీర్థములను గూర్చియు, ఆరగించిన ప్రసాదములను గూర్చియు ఈ పుటలలో తఱచుగా వ్రాయుచుందురు. మేము చేసిన యాత్రలో తీర్థమనగా చిన్నగిన్నెతో కొలిచి త్రాగిన మజ్జిగతేట. ప్రసాదమునకు చోటే లేదు. అయినను ఆ దారియు, ఆ సముద్రతీరమును మా మనస్సున నాటుకొన్నట్లు మఱే యాత్రయు నాటుకొనలేదు. కావున వ్రాయుచున్నాము.

మా వదినగారు మా వారికి స్వయముగా అక్కగారు. పిఠాపురములో మా ప్రక్కవీధియే వారిది. 2022వ సంవత్సరము దీపావళినాటికి వారి వయస్సు 48 సంవత్సరములు, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. తొమ్మిదేండ్లుగా మధుమేహము, పూటపూటకు ఇన్సులిను సూది, మడువ వీలులేని మోకాళ్లు, భోజనమైన పిమ్మట ఛాతీమంట, రాత్రివేళ వీధివారికిగూడ వినబడు గుఱక. ఆ గుఱకను మేమందఱమును హాస్యము చేసినవారమే. నిద్రలో గొంతుమార్గము మూసికొనిపోయి, శ్వాస నిలిచి, మరల ఒక్క యెగయూపిరితో తెఱచుకొనుటయే ఆ చప్పుడనియు, అట్లు రాత్రికి ఎన్నియో పర్యాయములు జరుగుట గుండెకు చేటనియు తెలియునప్పటికి మా నవ్వులన్నియు అయిపోయినవి.

మఱియొక నవ్వునుగూడ ఇచట ఒప్పుకొనవలెను. ఆ యేడు వినాయకచవితినాడు కథ చదువుకొని, అక్షతలు శిరస్సున వేసికొని లేచిన అరగంటకే, మా వసారాలో ప్లాస్టిక్ కుర్చీ కాలు విఱిగి వదినగారు క్రింద పడిరి. మేము నవ్వితిమి. ఉండ్రాళ్లు తిని వంగలేక యవస్థపడు విఘ్నేశ్వరుని చూచి నవ్విన చంద్రునకు పార్వతీదేవి యిచ్చిన శాపమును అప్పుడే వినిన చెవులు మావి! ఇద్దఱు పట్టి లేపుచుండగా ఆమె "నవ్వండమ్మా, నాకును నవ్వే వచ్చుచున్నది" అనిరి. ఆ రాత్రి భోజనమునకు మాత్రము రాలేదు.

మా నాయనగారు బాల్యమున మాకు చదివించిన గ్రంథములలో చరకసంహిత సూత్రస్థానమొకటి. అందు 21వ అధ్యాయమున ఆచార్యుడు లోకులు నిందించు ఎనిమిది విధముల దేహములను చెప్పుచు అతిస్థూలునిగూడ చేర్చి, వానికి కలుగు ఎనిమిది దోషములను ఎంచినాడు. ఆయుస్సు తగ్గుట, దుర్బలత, మిక్కిలి చెమట మొదలగు వానితోపాటు అతిక్షుత్తు, అనగా మితిమీఱిన ఆకలి, అందొకటి. స్థూలత్వమునకు కారణములు చెప్పునపుడు తిండిని, నిద్రను, కదలకుండుటను చెప్పి, బీజస్వభావమునుగూడ చెప్పినాడు. తల్లిదండ్రుల బీజమునుండి వచ్చినదానిని, వ్యాధిలక్షణముగా కలిగిన ఆకలిని పట్టుకొని మనము ఒక మనిషిని తిండిపోతని యేల పిలుచుచున్నామో, చదివియు మేము ఏల పిలిచితిమో, తలచుకొన్నపుడు సిగ్గగుచున్నది.

దీపావళి వెళ్లిన వారమునకు కాకినాడలోని మధుమేహవైద్యులు శస్త్రచికిత్స మాట నెత్తిరి. బంధువర్గమంతయు ఒక్కమాటే అన్నది: నోరు కట్టుకొన్నచో తగ్గిపోవుదానికి కత్తి యేల? వదినగారు నోరు కట్టుకొననివారు కారు. నాలుగుమాఱులు కట్టుకొనిరి. ఒకమాఱు ఎనిమిది నెలలలో 14 కిలోలు తగ్గి, తరువాతి యేడాదిలో 17 కిలోలు పెరిగిరి. బరువు తగ్గినకొలది దేహము కఱవు వచ్చినదని భ్రమించి, జీర్ణాశయమునుండి ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను రసమును మునుపటికంటె ఎక్కువగా విడుచుననియు, తిన్నదానిని పొదుపుగా ఖర్చు చేయుననియు ఆ వైద్యులు చెప్పినపుడు వదినగారు కన్నీరు పెట్టుకొని, "ఇన్నియేండ్లకు ఒకరు నా తప్పు కాదనిరి" అని మాతో అనిరి.

అయినను రెండునెలలు ఎటును తేలలేదు. సంక్రాంతికి వచ్చిన కూతురు తాను గర్భవతినని చెప్పినది. భాద్రపదము రాకముందే పురుడు. మన యిండ్లలో పురిటిబిడ్డకు నీళ్లు పోయుట ఎట్లో చదువరులకు చెప్పనక్కఱలేదు. పీటపై కూర్చుండి, కాళ్లు చాచి, ఆ కాళ్లపై బిడ్డను పండబెట్టుకొనవలెను. వదినగారు నేలపై కూర్చుండి ఆఱేండ్లయినది. ఆ రాత్రి వారు అన్నయ్యగారితో, "నా మనుమనికి నీళ్లు పరాయివారు పోయుటకు వీలులేదు. విశాఖకు తీసికొనిపొండు" అనిరట. ఇంతమంది వైద్యులు చేయలేనిది ఆ చెంబెడు నీళ్లు చేసినవి.

మొదటి ప్రయాణము జనవరి నెలాఖరున పరీక్షలకొఱకు. ఆసుపత్రి పేరు చెప్పము. వైద్యము చక్కగా చేసిరి గాని, స్థూలకాయులకే ప్రత్యేకించిన ఆ విభాగపు వసారాలో వేసిన కుర్చీలన్నియు ఇరుప్రక్కల చేతులున్న ఇఱుకు కుర్చీలు. మావంటివారమే అందులో సర్దుకొని కూర్చుండవలసివచ్చినది. రోగులు గోడకానుకొని నిలువబడియుండిరి. ఇది ఎవరికిని తోచకపోవుట వింతగానున్నది.

అచట ముందుగా ఒక లెక్క కట్టిరి. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును అంతే ఎత్తుచే గుణింపగా వచ్చినదానితో భాగింతురు. పందొమ్మిదవ శతాబ్దిలో బెల్జియము దేశపు గణితజ్ఞుడు క్వెటెలే చూపిన లెక్క యిది. వదినగారిది 46 దాటినది. 1991వ సంవత్సరపు అమెరికా నిర్ణయము ప్రకారము ఈ సంఖ్య 40 గాని, మధుమేహాది రోగములున్నచో 35 గాని యున్నవారికే శస్త్రచికిత్స. 2022లో ఈ వైద్యుల సంఘములు రెండు కలిసి, 35 దాటినచో వేఱు రోగములు లేకున్నను చేయవచ్చుననియు, ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము ప్రవేశించుచున్నందున వారికి 27.5 నుండియే సూచింపవచ్చుననియు మార్చినవి. ఏ లెక్కన చూచినను వదినగారికి తగినదే.

తరువాత గొంతులోనుండి గొట్టము దింపి జీర్ణాశయమును చూచుట, కాలేయమును, పిత్తాశయమును చూచుట, గుండె, ఊపిరి, రక్తము, నిద్ర, అన్నియు పరీక్షించిరి. కడపట మనోవైద్యురాలు. ఆమె చిన్నది, మా చెల్లెలి యీడు. "అమ్మా, మీరు ఆకలివేసి తినుచున్నారా, దుఃఖము కలిగి తినుచున్నారా?" అని అడిగినది. వదినగారు ఆలోచించి, "మిగిలినది పారవేయలేక తినుచున్నాను" అనిరి. మేము నవ్వబోయి ఆగితిమి. ఆమె నవ్వలేదు, కాగితముపై వ్రాసికొన్నది. అందఱికిని వడ్డించి, గిన్నెల అడుగున మిగిలినదంతయు తన విస్తరిలో దులుపుకొని, ఒంటరిగా, వేగముగా తినుట ముప్పదియేండ్ల వాడుక. ఇది మనలో ఎందఱి కథయో!

శస్త్రవైద్యులు బొమ్మ వేసి చూపిరి. ఇందు ముఖ్యమైనవి రెండు పద్ధతులు. మొదటిది, జీర్ణాశయమును నిలువుగా కోసి, నాలుగింట మూడువంతులకు మించి తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగిల్చుట. ఆకలిరసము పుట్టుచోటు చాలవఱకు పోవును గనుక ఆకలియు తగ్గును. తీసినది మరల రాదు. రెండవది, జీర్ణాశయపు పైభాగమున రెండు పెద్దచెంచాల నీరు పట్టునంత చిన్నసంచిని వేఱుచేసి, చిన్నప్రేగును కోసి క్రిందిభాగమును పైకి తెచ్చి ఆ సంచికి కుట్టుట. మిగిలిన జీర్ణాశయము లోపలనే యుండి తన రసములను ప్రేగులో క్రిందుగా కలుపుచుండును. స్విట్జర్లాండు దేశస్థుడైన రూ అను శస్త్రవైద్యుని పేరు ఆ ప్రేగుల కూర్పునకు పెట్టబడినది. దానిని బరువు తగ్గించు దారి మళ్లింపుగా 1966లో అమెరికాలో మేసన్, ఇటో అను వైద్యులు ప్రారంభించిన మార్గమునకు పిమ్మట జోడించిరి. ఛాతీమంటయు, ముదిరిన మధుమేహమును ఉన్నందున వదినగారికి రెండవదే తగునని చెప్పిరి. ప్రాణాపాయమెంత యని మా వారు అడుగగా, "నేడు వేయిమందిలో ఒకరికో ఇద్దఱికో, మీ అక్కగారిని ఇట్లే వదలినచో అంతకంటె ఎక్కువ" అనిరి. మా వారు బడిపంతులు గనుక ఆ లెక్కను కాగితముపై వేసి చూచుకొని, ఏమియు అనక మడిచి జేబులో పెట్టుకొనిరి.

ఇంటికి వచ్చి పదునాలుగు దినములు ముందుపథ్యము. కోయకముందే ఈ పస్తు ఏల యని మాకు సందేహము కలిగినది. కొవ్వుపట్టిన కాలేయము ఉబ్బి జీర్ణాశయముపై దుప్పటివలె పడియుండును. ప్రక్కకు ఎత్తబోయినచో చిట్లి నెత్తురు కాఱవచ్చును. అన్నము, నూనె, తీపి మానినచో ముందుగా కరుగునది ఆ కాలేయపు కొవ్వే. కావున ఈ పథ్యము సన్నబడుటకు కాదు, కత్తికి దారి యిచ్చుటకు. పెసరకట్టు, వెన్న తీసిన మజ్జిగ, సొర పొట్ల కూరలు, వైద్యులిచ్చిన మాంసకృత్తుల పొడి. వైద్యుల ఆజ్ఞపై ఇన్సులిను తగ్గించుచు, దినమునకు నాలుగుమాఱులు చక్కెర చూచుకొంటిమి. మూడవనాడు వదినగారు తలనొప్పితో గోడవైపు తిరిగి పండుకొని, అన్నయ్యగారు తిను చారన్నపు వాసనకు ఏడ్చిరి. ఆ మఱునాటినుండి ఆయనయు పెసరకట్టే త్రాగిరి. పదియవనాటికి ఏడుపు లేదు, తలనొప్పి లేదు. అప్పటికే అయిదు కిలోలు తగ్గినవి.

ఫాల్గుణశుద్ధమున, ఫిబ్రవరి చివరివారమున ప్రయాణమైతిమి. ఇక ఈ దారి సంగతి వినుడు. పథ్యముననున్న మనిషిని పిఠాపురమునుండి విశాఖకు రైలులో తీసికొనిపోవుటకంటె కఠినపరీక్ష మఱియొకటి లేదు. పెట్టెలో మా యెదుట కూర్చున్న కుటుంబము కాకినాడ కాజాల డబ్బా మూత తీసినది. అరగంటకు అన్నవరము; పంపానదిని చూచి, రత్నగిరికి కిటికీలోనుండియే నమస్కరించితిమి. అచట ఎక్కినవారందఱి చేతులలోను సత్యనారాయణస్వామి ప్రసాదపు ఆకుపొట్లములు. గోధుమనూకయు, తీపియు, నెయ్యియు, ఏలకులును కలిసిన ఆ వాసన ఆకుతో చేరినపుడు ఎట్లుండునో, ఎఱిగినవారికి చెప్పనక్కఱలేదు. ఒక ముత్తైదువ చేయి చాపి, "ప్రసాదము, తీసికోండి" అన్నది. కాదనుట అపచారము, తినుట అపథ్యము. వదినగారు రెండుచేతులతో అందుకొని, కన్నుల కద్దుకొని, మా చేతిలో పెట్టిరి. పెట్టిన చేతిని ముక్కుకడకు కొనిపోయి ఒక్కక్షణము వాసన చూచుకొనిరి.

తుని దాటినది, తాండవ దాటినది. నర్సీపట్నము రోడ్డు దాటగా, వరాహనది యొడ్డున అంకుడుకఱ్ఱతో లక్కబొమ్మలు చేయు ఏటికొప్పాక యీ ప్రాంతముననే యున్నదని మేము మాట మార్చితిమి. పుట్టబోవు బిడ్డకు అచటి గిలకలు కొనవలెనని కొంతసేపు మాటలాడుకొంటిమి. శారదానది వంతెన, ఆవల అనకాపల్లి. బెల్లమునకు దేశమంతట పేరుగన్న సంత అది. మేము పోయినది బెల్లము దిగు కాలము. మాడుగుల హల్వాయు ఈ జిల్లాదే. వదినగారు నవ్వుచు, "అమ్మాయీ, ఈ రైలుదారిని వేసినవాడు మధుమేహము లేనివాడు సుమా" అనిరి. దువ్వాడ దాటి సింహాచలపు కొండ కనబడగా చేతులు జోడించి మరల అనిరి: "అప్పన్న యేడాదికొకనాడు చందనము విడిచి నిజరూపము చూపును. నాది విడుచుటకు ఏడాది పట్టునట.”

శస్త్రచికిత్సదినము గూర్చి చెప్పవలసినది స్వల్పమే. ఉదయము ఎనిమిదింటికి లోనికి కొనిపోయిరి; పదకొండు దాటినపుడు బయటికి వార్త వచ్చినది. పొట్ట కోయరు, అయిదు చిన్నరంధ్రములు చేసి, వానిలోనుండియే దీపమును, కత్తెరను పంపుదురు. ఆ మూడుగంటలును మా వారు పదవతరగతి పిల్లల జవాబుపత్రములను దిద్దుచు కూర్చుండిరి. పిమ్మట చూడగా తప్పులకుగూడ మార్కులు వేసియుండిరి.

ఆ సాయంకాలమే వదినగారిని నడిపించిరి. కాళ్లలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవుట ఈ చికిత్సలో ఒక పెద్దభయము. అందులకే బిగుతు మేజోళ్లు, పొట్టపై సూది, నడక. మూడు గోళీలున్న బుడ్డినిచ్చి, గొట్టములో ఊపిరి లోనికి పీల్చి గోళీలను పైకి లేపుమనిరి. మొదటిదినము ఒక్క గోళీయే కదలినది. మఱునాడు త్రాగుటకు ఇచ్చినది మందుగిన్నెడు నీరు, దానిని పావుగంటసేపు చప్పరింపవలెను. గుక్కెడు ఎక్కువైనచో ఛాతీలో రాయి పడినట్లుండెడిది. నాడి మిక్కిలి వేగముగా కొట్టుకొన్నను, జ్వరము వచ్చినను, పొట్టలోగాని భుజమునగాని నొప్పి పెరిగినను, పిక్క వాచినను, వాంతులు ఆగకున్నను రాత్రియైనను రావలెనని మాచేత రెండుమాఱులు అప్పగింపించుకొనిరి. నాలుగవనాడు పంపివేసిరి. ఇన్సులిను అప్పటికే నాలుగవవంతునకు దిగినది. బరువు తగ్గకముందే చక్కెర తగ్గుట చూచి మేము ఆశ్చర్యపడగా, ప్రేగుదారి మారుటచే రసముల నడతయే మారునని చెప్పిరి.

చేతికిచ్చిన పథ్యపుకాగితము చూచి దిగాలుపడితిమి. కోడిరసము, గ్రుడ్డు, చేప! శాకాహారుల సంగతి చివర ఒక్క పంక్తిలో ముగించిరి. మేమే కూర్చుండి మన వంటకములను దానికి సరిపుచ్చి, ఆ పథ్యనిపుణురాలికి చూపి ఒప్పించుకొంటిమి. మొదటిదినములలో చారుతేట, మజ్జిగతేట, పెసరకట్టుపై తేట. తరువాత రెండువారములు వడకట్టిన పలుచని పెసరకట్టు, పాలు, పొడి కలిపిన మజ్జిగ. అటుపై మెత్తగా రుబ్బిన పప్పు, పెరుగు, పన్నీరు. ఆఱేడు వారములకు మెత్తని యన్నము, అదియు పప్పు, కూర తిన్న పిమ్మట చోటు మిగిలినచో. దినమునకు 60 గ్రాములకు తక్కువకాకుండ మాంసకృత్తులు. తినునపుడు నీరు త్రాగరాదు. తిన్న అరగంటకు త్రాగవలెను. విస్తరికి కుడిప్రక్క నీళ్లచెంబు లేనిదే భోజనమే కాదని పెరిగిన మనకు ఇది అన్నిటికంటె కష్టము.

పాండురంగాపురములో సముద్రమునకు దగ్గఱగా ఒక గది తీసికొని మూడువారములుంటిమి. మా వారు పరీక్షలకని వెళ్లిపోయిరి. అన్నయ్యగారు, వదినగారు, మేము. తెల్లవాఱుజామున రామకృష్ణా బీచి రోడ్డుపై బండ్లను రానీయరు. పట్టణమంతయు నడకకు వచ్చును. ముసలివారు, పోలీసు ఉద్యోగమునకు పరుగులు తీయు పిల్లలు, కుక్కలు, యోగాసనములు వేయువారు. దక్షిణమున డాల్ఫిన్ ముక్కు కొండ నీటిలోనికి చాచుకొని, దాని దీపము ఆఱువేళకు తూర్పున ఎఱుపు. ఈ సముద్రము స్నానమునకు మంచిది కాదు. అల విఱిగినచోటనే లోతు. చూచుటకు మాత్రము ఇంతటి అందము మా కాకినాడ తీరమున లేదు. అచట నీరు నిద్రపోవుచుండును.

మేము దూరమును దీపస్తంభములతో కొలిచితిమి. మొదటినాడు అయిదు స్తంభములు. ఆ అయిదింటికే వదినగారు గట్టుపై కూర్చుండి రొప్పిరి. మఱునాడు ఏడు. వారమునకు కాళీమాత గుడివఱకు. సన్నని యువతులిద్దఱు తిరిగి చూచి నవ్వుకొనిపోయిరి. మాకు కోపము వచ్చినది, కుర్చీ జ్ఞాపకమును వచ్చినది. ఒకనాటి సాయంకాలము మిరపకాయబజ్జీల బండ్లు వరుసగా వెలిగించిన వేళ వదినగారు ఉన్నట్టుండి ఏడ్చిరి. నొప్పియా యని అడిగితిమి. "కాదు. నాకు సంతోషము వచ్చినను, దుఃఖము వచ్చినను ఒక్కటే తోడు. దానిని కోయించుకొంటిని" అనిరి. ఏమనుటకును తోచక ప్రక్కన కూర్చుండితిమి. పొట్టలో మార్చినది చోటు మాత్రమే. మనస్సులోని ఆకలికి శస్త్రము లేదు. మనోవైద్యురాలికడకు నెలనెలా పోవలెనని చెప్పినది ఇందులకే. చాలమంది ఆ పూటనే మానివేయుదురట.

కూర్చొను గట్టునుండి చూచిన కనబడునది కుర్సురా. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002నుండి ఒడ్డున ప్రదర్శనశాలయై నిలిచిన జలాంతర్గామి అది. 2011లో పిల్లలతో వచ్చినపుడు వదినగారు మెట్లెక్కి లోపల అడుగుపెట్టి, మొదటి గదినుండి రెండవదానికి పోవు గుండ్రని యినుపద్వారముకడ ఆగిపోయిరి. వెనుక జనము. వారినందఱిని వెనుకకు జరిపి ఆమెను బయటికి తేవలసివచ్చినది. గంటసేపు ఇసుకలో మా చెప్పులకు కావలి కూర్చుండిరి. ఆ సంగతి ఆమెయు ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

ఇంటికి చేరిన పిమ్మటి నెలలు వేగముగా చెప్పెదము. బరువు మొదట నెలకు ఏడెనిమిది కిలోలు తగ్గి, తరువాత మందగించినది. ఒకమాఱు అయిదువారములు కదలనేలేదు. నాలుగవ నెలలో జుట్టు దువ్వెన నిండ ఊడినది. పెద్దచికిత్సయు, బరువు వేగముగా తగ్గుటయు దీనికి కారణములనియు, మరల మొలచుననియు ముందే చెప్పిరి గాని, అద్దము ముందు ఆ మాట నిలువదు. ఊరిలో, "ఏమి రోగము?" అని గుసగుసలు. లావుగానున్నపుడు నవ్విన నోళ్లే సన్నబడినపుడు జాలిపడినవి. బీ పన్నెండు, ఇనుము, సున్నము, డీ విటమినులు జీవితాంతము తప్పవు. చిన్నసంచిలోనుండి, దాటివేసిన ప్రేగులోనుండి అవి తగినంతగా ఒంటబట్టవు. వదినగారు ఇనుపమాత్ర వికారముగానున్నదని రెండునెలలు మానగా, ఆఱవనెల పరీక్షలో రక్తము క్షీణించి, బాగుగా చీవాట్లు తినిరి. ఈ చికిత్సకు పోదలచిన యౌవనవతులకు ఒక ముఖ్యమైన మాట: పిమ్మట ఏడాది, ఏడాదిన్నరవఱకు గర్భము రాకుండ చూచుకొనవలెనని వైద్యుల నియమము.

వరలక్ష్మీవ్రతమునాడు పూర్ణపుబూరె సగము నోట వేసికొనిరి. ఇరువది నిమిషములకు ఒళ్లంతయు చెమట, గుండెదడ, కడుపునొప్పి, కన్నులు తిరుగుట. తీపి ఆగుచోటు లేక నేరుగా చిన్నప్రేగులో పడి నీటిని లాగుటచే అట్లగునని ముందే విన్నాము. అయినను గంటసేపు మా ప్రాణములు మాలో లేవు. "అమ్మవారు కోపించినది" అని ఒక పెద్దమ్మగారు అనగా, "లేదు పిన్నిగారూ, బూరె కోపించినది" అనిరి వదినగారు, అంత నీరసములోను.

ఆ నిజశ్రావణమాసముననే, 2023 ఆగస్టు చివర, మనుమడు పుట్టినాడు. పదునొకండవనాటి ఉదయము మేము కాగుతో వేన్నీళ్లు తెచ్చితిమి. వదినగారు అప్పటికి 84 కిలోలు. ఒకచేతిని గోడకానించి, మెల్లగా, మెల్లగా పీటపై కూర్చుండిరి. కాళ్లు చాచిరి. నలుగుపిండి గిన్నె మా చేతిలోనుండి లాగుకొని, "చూచుచు నిలువబడితివేల? నీళ్లు అందీయవే" అని కసరిరి. బిడ్డ ఊరంతయు వినబడునట్లు ఏడ్చెను.

2024 ఫిబ్రవరిలో ఏడాది పరీక్షకు మరల విశాఖకు పోయితిమి. బరువు 76 కిలోలు. ఇన్సులిను లేదు, ఒక్క మాత్ర మిగిలినది, ఊపిరియంత్రము అటకెక్కినది. ఇంకను తగ్గవలసినది కలదు, మరల పెరుగువారును కలరని వైద్యులు హెచ్చరించిరి. పొట్టపైని చర్మము వదులై వ్రేలాడుచున్నది. దానికి వేఱు చికిత్స కలదట, వదినగారు వలదనిరి. ఆ సాయంకాలము మేమేమియు అనకముందే కుర్సురాకడ టికెట్లు కొనిరి. గుండ్రని ద్వారముకడ ఆగి, చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టి, తల వంచి, మొదట కుడికాలు, పిదప తల, పిదప ఎడమకాలు. 91 మీటర్ల పొడవున ఎన్ని ద్వారములున్నవో అన్నిటిని దాటి, చివరి మెట్లు దిగి వచ్చి, "లోపల చూచుటకు ఏమున్నదే, అన్నియు గొట్టములే" అనిరి. మేము చెప్పులు చేతికిచ్చితిమి.

తిరుగుదారిలో అన్నవరమున దిగితిమి. కూతురు, అల్లుడు బిడ్డతో పిఠాపురమునుండి వచ్చియుండిరి. కొండపై అన్నప్రాశనము. బిడ్డకు ఉంగరముతో పాయసము నాలుకకు రాచిరి. వాడు మూడుమాఱులు చప్పరించి మొగము వికారముగా పెట్టెను. వదినగారు ఆకుపొట్లము విప్పి, ప్రసాదము గోరంత తీసి నోటనుంచుకొని చాలసేపు నమలిరి. బిడ్డయు ఆమె నోటివంకనే చూచుచుండెను. మిగిలిన పొట్లము మడిచి మా చేతిలో పెట్టి, "ఇది నీ వంతు, అమ్మాయీ. నాకు చాలును" అనిరి.